సంవత్సరం తేలింది, రోజు తేలలేదు

బడి పుస్తకం చివరి పేజీల్లోనో, పోటీ పరీక్షల గైడు మొదట్లోనో, పిల్లల పత్రిక నడిమి పేజీలోనో సౌరకుటుంబం పట్టిక ఒకటి తప్పకుండా ఉంటుంది. ఎడమ పక్క గ్రహాల పేర్లు, కుడి పక్క రెండు గళ్లు: భ్రమణ కాలం, పరిభ్రమణ కాలం. గురుడికి 9 గంటల 55 నిమిషాలు, 11.86 ఏళ్లు. శనికి 10 గంటల 39 నిమిషాలు, 29.46 ఏళ్లు. యురేనస్‌కు 17 గంటల 14 నిమిషాలు, 84 ఏళ్లు. నెప్ట్యూన్‌కు 16 గంటల 7 నిమిషాలు, 165 ఏళ్లు. రెండు గళ్లలోనూ అదే అచ్చు, అదే ధీమా. చదివేవాడికి ఏమనిపిస్తుంది? రోజు చిన్న సంగతి, అది ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. ఏళ్లూ పూళ్లూ పట్టే సంవత్సరాన్ని కొలవడమే గగనం, దాన్ని ఈ కాలం వాళ్లు పెద్ద పెద్ద యంత్రాలు పెట్టి సాధించి ఉంటారు అనిపిస్తుంది.

జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. దూరపు గ్రహాల్లో కంటికి కనిపించే గురు, శనుల సంవత్సరం దుర్భిణి పుట్టకముందే లెక్క తేలిన వ్యవహారం. రోజు పొడవు మాత్రం నిన్న మొన్నటిదాకా మారుతూనే వచ్చింది. ఒక గ్రహం విషయంలో తగవు ఈనాటికీ తీరలేదు. ఒక గడిలో ఉన్నది శిలాశాసనం లాంటి అంకె, పక్క గడిలో ఉన్నది ఇంకా బేరం నడుస్తున్న అంకె. రెంటినీ ఒకే కొలత అక్షరాల్లో అచ్చేసి, నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నగా మార్చి, సరైన జవాబుకు మార్కు వేసి తప్పుకు కోత పెడుతున్నాం. దీన్ని ఖగోళశాస్త్రం అని పిలవడం నాకు సమ్మతం కాదు.

ముందు సంవత్సరం సంగతి చూద్దాం. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో 43,20,000 ఏళ్ల మహాయుగానికి శని చుట్లు 1,46,564, గురుడి చుట్లు 3,64,224 అని ఉంది. భాగహారం చేస్తే శనికి 29.475 ఏళ్లు, గురుడికి 11.861 ఏళ్లు వస్తాయి. ఇప్పటి విలువలు 29.457, 11.862. శని ఒక చుట్టుకు 10,759 రోజులు పడుతుంటే ఆర్యభటుడి అంకెకూ దానికీ తేడా ఒక్క వారం. ఇందులో చంకలు గుద్దుకోవలసిందేమీ లేదు. బాబిలోనియా వాళ్లూ, గ్రీకులూ కూడా దాదాపు ఇలాంటి ఫలితాలే రాబట్టారు. చుక్కల మధ్య ఒక గ్రహం మళ్లీ అదే చోటికి వచ్చేదాకా కాచుకుని కూర్చునే ఓపిక, తాతలు చూసింది మనవళ్ల దాకా అందించే రాతకోతలు ఉంటే చాలు. ఎన్ని ఎక్కువ చుట్లు చూస్తే అంత తప్పు తరిగిపోతుంది. పది చుట్ల మీద వారం పొరపాటు వస్తే ఒక్కో చుట్టుకు దక్కే తప్పు ఒక రోజు కూడా ఉండదు.

మన ఇళ్లలో ఈ అంకెలు నిత్యం చెవిన పడుతూనే ఉంటాయి. ఏలినాటి శని ఏడున్నరేళ్లు ఎందుకంటే, పన్నెండు రాశులను ఇరవై తొమ్మిదిన్నరేళ్లలో దాటే శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు గడుపుతాడు. మూడు రాశులకు ఏడున్నర. పుష్కరం పన్నెండేళ్లకు ఒకసారి ఎందుకంటే గురుడి చుట్టు పన్నెండేళ్లకు కాస్త తక్కువ. 2015లో గోదావరికీ, 2016లో కృష్ణకూ పుష్కరాలు వచ్చాయంటే ఏడాది తేడాలో గురుడు ఒక రాశి జరిగాడన్న మాట. ప్రభవ మొదలు అక్షయ దాకా నడిచే అరవై ఏళ్ల చక్రమూ అంతే: గురుడి ఐదు చుట్లకు 59.3 ఏళ్లు, శని రెండు చుట్లకు 58.9 ఏళ్లు. జాతకాలను నమ్మండి, నమ్మకపొండి, ఆ వ్యవధులు మాత్రం ఆకాశం నుంచి తీసుకున్నవే. శని సంవత్సరం లెక్క తెలుగువాళ్ల నాలుక మీద ఉంది. శని రోజు ఎంతన్నది మాత్రం ఏ సిద్ధాంతికీ తెలిసే దారి లేదు.

దూరం పెరిగేకొద్దీ ఏడాది ఎందుకు అంతగా సాగుతుందో కూడా 1619లో కెప్లర్ ప్రకటించిన మూడో నియమంతోనే తేలింది. నెప్ట్యూన్ సూర్యుడికి భూమి కంటే 30 రెట్ల దూరంలో ఉంది కనుక దాని దారి 30 రెట్ల పొడవు. పైగా అంత దూరాన సూర్యుడి ఆకర్షణ సన్నగిల్లి నడక కూడా మందగిస్తుంది. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు పరుగెత్తితే నెప్ట్యూన్ 5.4 కిలోమీటర్లే పోతుంది, అంటే ఐదున్నర రెట్లు తక్కువ వేగం. 30ని ఐదున్నరతో హెచ్చవేయండి, 165 వస్తుంది. ఆరో తరగతి లెక్క.

సంవత్సరం కూడా బొత్తిగా కదలని అంకె కాదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. గురుడూ శనీ ఒకరినొకరు లాక్కుంటారు. కొన్ని శతాబ్దాల పాటు ఒకరు తొందరపడితే రెండోవారు వెనకబడతారు. ఈ తేడాను ఎడ్మండ్ హేలీ గుర్తించాడు, కారణాన్ని 1785లో లాప్లాస్ చెప్పాడు. మన అరవై ఏళ్ల చక్రానికి ఆధారమైన ఐదు–రెండు చుట్ల జోడీయే అక్కడా మూలం. ఆ ఊగిసలాట ఒకసారి పూర్తికావడానికి సుమారు 900 ఏళ్లు. అయితే అది లెక్కకు లొంగిన తేడా. రేపు ఎంతుంటుందో ఇవాళే చెప్పగలం. రోజు దగ్గర మనకు ఆ వెసులుబాటు లేదు.

ఎందుకు లేదు? ఎక్కువమంది చెప్పే జవాబు దూరం. అంత దూరాన ఉన్న గ్రహం తిరుగుడు కనిపెట్టడం కష్టం కదా అంటారు. ఈ జవాబును ప్లూటో ఒక్కటే కొట్టిపారేస్తుంది. 1930లో దొరికిన ప్లూటో ఆనాటి ఏ దుర్భిణిలో చూసినా ఒక చుక్కే. అయినా 1955లో ఇద్దరు ఖగోళవేత్తలు, వాకర్, హార్డీ, ఆ చుక్క వెలుగు ఎక్కువతక్కువలను నమోదు చేసి 6.39 రోజులకు ఒకసారి తిరుగుతోందని తేల్చారు. 2015లో న్యూ హొరైజన్స్ నౌక దాని ముంగిట్లోకి పోయి చూసినా ఆ అంకె చెక్కుచెదరలేదు. దానికంటే ఎంతో దగ్గరగా, వేల రెట్ల బరువుతో, చిన్న దుర్భిణికి సైతం వలయాలతో సహా కనిపించే శని రోజు మాత్రం 2019 దాకా కుదుటపడలేదు. కారణం దూరం కాదు, నేల. ప్లూటోకు మంచు నేల ఉంది, దాని మీద తెలుపు నలుపు మరకలున్నాయి, అవి ఎక్కడివక్కడే ఉంటాయి. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్‌లకు కాలు మోపే నేలే లేదు. మనకు కనిపించేది మబ్బుల పైపొర. కవ్వం పెట్టి చిలుకుతున్న కుండలో మజ్జిగ నడుమ ఒక వేగంతో, అంచున ఒక వేగంతో తిరిగినట్టు ఆ మబ్బులు ఒక్కో అక్షాంశం దగ్గర ఒక్కో వేగంతో తిరుగుతాయి. దేన్ని పట్టుకుని రోజు అనాలి?

గురుడితో మొదలుపెడదాం, అదే కాస్త మెరుగు. 1665లో జొవాన్ని కస్సీనీ మచ్చలను గమనించి 9 గంటల 56 నిమిషాలన్నాడు. ఆ తర్వాత పాతికేళ్లకు ఆయనే, మధ్యరేఖ దగ్గరి మచ్చలు మిగతావాటికంటే ముందుగా తిరిగి వస్తున్నాయని కనిపెట్టాడు. దాంతో గురుడికి రెండు గడియారాలు వచ్చాయి: మధ్యరేఖ పట్టీకి 9 గంటల 50 నిమిషాల 30 సెకన్లు, మిగతా మబ్బులకు 9 గంటల 55 నిమిషాల 41 సెకన్లు. మూడోది 1955లో వచ్చింది. అమెరికాలో మేరీల్యాండ్ పొలాల్లో వేసిన యాంటెన్నాలతో బర్క్, ఫ్రాంక్లిన్ వేరే పని చేసుకుంటుంటే రేడియోలో గరగర వినిపించింది. దారిన పోయే కారు ఇంజను రొద అనుకున్నారు మొదట. తీరా చూస్తే అది గురుడిది. ఆ సంకేతం గ్రహం లోపలి అయస్కాంత క్షేత్రంతో కట్టుబడి తిరుగుతుంది కనుక దాన్నే లోపలి భాగం రోజుగా తీసుకున్నారు: 9 గంటల 55 నిమిషాల 29.7 సెకన్లు. పట్టికలో మనం చదివే 9:55 ఇదే. అంటే అది కంటికి కనిపించే గురుడిది కాదు. మరి గైడుల్లో ఒకచోట 9:50, ఒకచోట 9:55, ఇంకోచోట 9:56 ఉంటే విద్యార్థి ఏది తప్పని కొట్టేయాలి? మూడూ సరైనవే, మూడు వేర్వేరు వస్తువులవి. ఆ ఒక్క ముక్క చెప్పకుండా "సరైన జవాబు గుర్తించండి" అనడం, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనడం.

శని దగ్గర కథ ఇంకా ముదిరింది. 1794లో విలియం హెర్షెల్ 10 గంటల 16 నిమిషాలన్నాడు. 1876లో అసఫ్ హాల్ ఒక తెల్ల మచ్చ మీద కన్నేసి ఉంచి 10 గంటల 14 నిమిషాలన్నాడు. 1933లో అలాంటి తెల్ల మచ్చనే లండన్‌లో తన సొంత దుర్భిణిలోంచి విల్ హే కనుగొన్నాడు. ఆయన వృత్తి సినిమాల్లో, రంగస్థలం మీద హాస్యం పండించడం; ఆకాశం చూడటం రాత్రిపూట వ్యాపకం. ఇవన్నీ మబ్బుల రోజులు. 1980లో, 1981లో వాయేజర్ నౌకలు దగ్గరగా పోయినప్పుడు శని రేడియో సంకేతం చిక్కింది. గురుడి సూత్రాన్నే ఇక్కడా వాడి 10 గంటల 39 నిమిషాల 24 సెకన్లని ప్రకటించారు. పొరపాటుకు అవకాశం అటూ ఇటూ 7 సెకన్లు మాత్రమే. ఇంతటి కచ్చితత్వం చూశాక ఎవరు అనుమానిస్తారు? పట్టికలు దిద్దుకున్నాయి, పరీక్షల్లో ప్రశ్నలు పడ్డాయి.

2004లో కస్సీనీ నౌక శనిని చేరింది. అదే సంకేతాన్ని విన్నది. ఈసారి 10 గంటల 45 నిమిషాల 45 సెకన్లు వచ్చింది. ఆరు నిమిషాలు ఎక్కువ. భూమికి 95 రెట్ల బరువున్న గ్రహం పాతికేళ్లు కూడా గడవకముందే అంతగా నెమ్మదించడం అసాధ్యం. దాన్ని అలా నిలువరించగల శక్తి ఏదీ దాని పరిసరాల్లో లేదు. ఇంకా విన్నకొద్దీ వింతలు బయటపడ్డాయి. ఉత్తరార్ధగోళం నుంచి వచ్చే సంకేతం లయ సుమారు 10.6 గంటలు, దక్షిణార్ధం నుంచి వచ్చేదాని లయ సుమారు 10.8 గంటలు. ఋతువులు మారేకొద్దీ ఆ రెండూ మారుతున్నాయి. ఒకే గ్రహానికి రెండు రోజులుండవు కదా! అంటే ఆ సంకేతం శని లోపలి మాట చెప్పడం లేదు. చెబుతున్నది పైన ఆవరించిన విద్యుదావేశ వాయువు మాట. దానికి సరుకు చాలావరకు చిన్న ఉపగ్రహం ఎన్సెలాడస్ నుంచి వస్తుంది. అది అంతరిక్షంలోకి చిమ్మే నీటి ఆవిరి విద్యుదావేశం పుంజుకుని శని అయస్కాంత క్షేత్రానికి బరువై వేలాడుతుంది, అందువల్ల ఆ క్షేత్రం పట్టు జారి వెనకబడుతుంది.

గురుడికి పనిచేసిన ఉపాయం శనికి చెల్లకపోవడానికి ఇంకో కారణం ఉంది. గురుడి అయస్కాంత అక్షం భ్రమణాక్షానికి సుమారు 10 డిగ్రీలు వాలి ఉంటుంది. తిరుగుతున్నప్పుడు ఆ వాలు ఊగుతూ కనిపిస్తుంది. శనికి ఆ రెండు అక్షాలూ డిగ్రీలో నూరోవంతు తేడా కూడా లేకుండా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఊగనిదాన్ని చూసి తిరుగుడు లెక్కపెట్టలేం. చివరికి దారి చూపింది వలయాలు. శని లోపలి కదలికల వల్ల దాని గురుత్వం అతి స్వల్పంగా అదురుతూ ఉంటుంది. ఆ అదురు లయకు, వలయంలో చుట్టూ తిరిగే మంచు ముక్కల లయకు ఎక్కడ పొత్తు కుదిరితే అక్కడ ఒక సన్నని అల లేస్తుంది. దూరపు నక్షత్రం ఒకటి వలయం వెనకగా జారుతున్నప్పుడు దాని వెలుగు ఎలా హెచ్చుతగ్గులవుతుందో చూసి కస్సీనీ ఆ అలలను లోపలి సి వలయంలో పట్టుకుంది. అల ఎక్కడుందో తెలిస్తే అదురు లయ తెలుస్తుంది. అది తెలిస్తే లోపలి భాగం ఎంత వేగంతో తిరుగుతోందో లెక్కగట్టవచ్చు. 2019లో క్రిస్టఫర్ మాంకోవిచ్ బృందం ఆ లెక్క చేసి 10 గంటల 33 నిమిషాల 38 సెకన్లని చెప్పింది, ఒకటి రెండు నిమిషాల అటూ ఇటూ. అంతకు నాలుగేళ్ల ముందు గురుత్వ క్షేత్రం నుంచి వేరే దారిలో వచ్చిన జవాబు 10 గంటల 32 నిమిషాల 45 సెకన్లు. రెండు దారులూ దాదాపు ఒకచోటికే చేరాయి కనుక నమ్మకం కుదిరింది. వాయేజర్ లెక్కను చూస్తే, ఏడు సెకన్ల కచ్చితం, దాదాపు ఆరు నిమిషాల తప్పు.

ఇక్కడే నాకు ఎక్కువగా వినిపించే ఎదురు ప్రశ్న: "ఆరు నిమిషాలకు ఇంత రాద్ధాంతమా? పదిన్నర గంటల్లో అదెంత?" నూటికి ఒక వంతు కూడా కాదు, ఒప్పుకుంటాను. కానీ శని మీద ఆ నూరో వంతు దేన్ని కదిలిస్తుందో చూడండి. మధ్యరేఖ దగ్గర శని చుట్టుకొలత సుమారు 3,78,700 కిలోమీటర్లు. అక్కడి మబ్బులు ఆ చుట్టును 10 గంటల 14 నిమిషాల్లో తిరుగుతాయి, అంటే గంటకు దాదాపు 37,000 కిలోమీటర్లు. అందులో గ్రహం తిరుగుడు ఎంత, గాలి ఎంత? లోపలి రోజును తీసేస్తే మిగిలేది గాలి. రోజు 10:39 అనుకుంటే గాలి వేగం గంటకు సుమారు 1,470 కిలోమీటర్లు. రోజు 10:33 అనుకుంటే 1,150. అక్కడ ఒక్క మబ్బు కూడా అదనంగా కదల్లేదు, ఒక్క కొలతా మారలేదు. పట్టికలో ఆరు నిమిషాలు దిద్దినందుకే గంటకు 320 కిలోమీటర్ల గాలి మాయమైంది. మన తూర్పు తీరాన్ని తాకిన ఏ తుఫానూ ఆ వేగాన్ని అందుకోలేదు. శని గాలులు గురుడి గాలులకంటే అంత భీకరంగా ఎందుకున్నాయని ఏళ్ల తరబడి బుర్రలు బద్దలు కొట్టుకున్న వాళ్లకు ఆ చిక్కులో ఒక భాగం పట్టికలోంచే వచ్చిందని తేలడం చిన్న విషయం కాదు.

ఇంకొకరు అంటారు: "నాసా పట్టికల్లోనే 10:39 ఉంటుంటే మా గైడుదేం తప్పు?" ఉంటుంది, కాదనను. పటాలు గీసుకోవడానికి ఏదో ఒక రేఖాంశ పద్ధతి కావాలి గనుక, అందరూ ఒప్పుకుని వాయేజర్ అంకెను ఒక ఏర్పాటుగా ఉంచుకున్నారు. అది ఏర్పాటని వాడేవాళ్లకు తెలుసు. మన దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిడి రాలిపోయి, ఒప్పందం కాస్తా ప్రకృతి ధర్మమై కూర్చుంటోంది.

దూరపు గ్రహాలన్నీ మందకొడివి అన్న నమ్మకం కూడా ఈ పట్టికల్లోంచే పుట్టుకొస్తుంది, సంవత్సరాల గడి చూసి. శని అంటే నెమ్మది అని మనకు తాతల నాటి నుంచీ నాటుకుపోయింది. చుట్టూ తిరగడంలో అతను నెమ్మదే. తన చుట్టూ తాను తిరగడంలో గురుడి తర్వాత అంత చురుకైన గ్రహం ఇంకోటి లేదు. ఆ వేగానికి రెండు గ్రహాలూ నడుమ ఉబ్బి ధ్రువాల దగ్గర అణిగి ఉంటాయి; చిన్న దుర్భిణిలో గురుడిని చూసినా ఆ అణుపు తెలుస్తుంది. గ్రహాలు పుట్టేటప్పుడు సుడి తిరుగుతూ వచ్చి పడిన వాయువు ఇచ్చిన తిప్పుడు అది. దాన్ని తగ్గించగల సూర్యుడు చాలా దూరాన ఉన్నాడు. నిజంగా మందకొడిగా తిరిగేది సూర్యుడికి దగ్గరగా ఉన్న శుక్రుడు: ఒక్క భ్రమణానికి 243 రోజులు, ఏడాది చూస్తే 225 రోజులే. దగ్గరైతే జోరు, దూరమైతే జడత్వం అనే సూత్రం శుక్రుడి ముందు ఒక్క క్షణం నిలవదు. "నెప్ట్యూన్ మీద మీ వయసెంత" అని లెక్కగట్టి పెట్టే వినోదాల్లో ఎప్పుడూ సంవత్సరాన్నే వాడతారు, అక్కడ ఎవరికీ మొదటి పుట్టినరోజు రాదని నవ్విస్తారు. రోజులు లెక్కపెడితే, భూమి మీద అరవై ఏళ్లు నిండినవాడు గురుడి లెక్కన దాదాపు యాభై మూడు వేల రోజులు బతికినట్టు. ఆ అంకె ఎవరూ చెప్పరు.

యురేనస్ విషయంలో పట్టిక చేసే అన్యాయం వేరే రకం. మొదట అంకెల చరిత్ర చూద్దాం: 1910ల నాటి కొలతల పుణ్యమా అని 10 గంటల 49 నిమిషాలు దశాబ్దాల పాటు పుస్తకాల్లో ఏలింది. 1970ల్లో అది కూలింది. 1986 జనవరి 24న వాయేజర్-2 పక్కగా పోయి 17 గంటల 14 నిమిషాల 24 సెకన్లంది. 2025లో లోరాన్ లామీ బృందం, హబుల్ దుర్భిణి 2011 నుంచి 2022 దాకా తీసిన ధ్రువకాంతుల చిత్రాలతో, 17 గంటల 14 నిమిషాల 52 సెకన్లని సవరించింది. 28 సెకన్లేగా? యురేనస్ మన ఏడాదిలో 508 సార్లు తిరుగుతుంది. ఒక్కో తిరుగుడుకు 28 సెకన్లు తప్పితే ఏడాదికి దాదాపు నాలుగు గంటలు తప్పుతుంది. నాలుగున్నరేళ్లు తిరిగేసరికి ఒక పూర్తి భ్రమణం లెక్క గల్లంతు. వాయేజర్ చూసిన అయస్కాంత ధ్రువం ఇవాళ ఏ వైపుకుందో కొన్నేళ్లకే చెప్పలేకపోయారంటే కారణం ఇదే.

అన్యాయం అక్కడితో అయిపోలేదు. 17 గంటలు అని చదివిన పిల్లవాడు ఎనిమిదిన్నర గంటల పగలు, ఎనిమిదిన్నర గంటల రాత్రి ఊహించుకుంటాడు. ఎవరు తప్పనగలరు? రోజు అంటే పొద్దు పొడిచి, గుంకి, మళ్లీ పొడవడమేగా. భూమి మీద భ్రమణానికీ ఆ రోజుకూ తేడా నాలుగు నిమిషాలు. గురుడి మీద మూడు సెకన్ల చిల్లర. యురేనస్ మాత్రం 98 డిగ్రీలు ఒరిగిపోయి, దాదాపు పడుకుని తిరుగుతోంది. 1986లో దాని దక్షిణ ధ్రువం సూర్యుడి కేసి చూస్తూ ఉంది. ఆ అర్ధగోళంలో చాలా భాగాన గ్రహం ఎన్నిసార్లు గిరగిరా తిరిగినా పొద్దు గుంకేది కాదు. ధ్రువం దగ్గర 42 ఏళ్ల పగలు, 42 ఏళ్ల రాత్రి. ఈ సంగతి తెలుగువాడికి కొత్తగా వివరించనక్కర్లేదు కూడా. మనకు ఒక ఏడాది దేవతలకు ఒక రోజు అని పెద్దలు చెబితే విన్నవాళ్లమే. సూర్యసిద్ధాంతం దేవతలను ఉత్తర ధ్రువాన మేరువు మీద కూర్చోబెట్టి, వారికి ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి అని లెక్క చెప్పింది. ధ్రువం మీద రోజూ ఏడాదీ ఒకటే అవుతాయన్న రేఖాగణితం అది. యురేనస్ ధ్రువం మీద ఆ లెక్కన రోజు పొడవు 84 ఏళ్లు. పట్టికలో 17:14 పక్కన ఆ మాటకు చోటు లేదు.

"పిల్లలకు సులువుగా చెప్పాలి కదా, ఇన్ని గొడవలు నెత్తిన రుద్దితే పారిపోతారు" అనేది ఆఖరి వాదన, మంచి మనసుతో చేసే వాదన. కానీ పిల్లలు పారిపోయేది అంకెల దండకానికి. నేల లేని గ్రహం రోజును ఎలా కొలుస్తారని అడిగి చూడండి, తరగతిలో చేతులు లేస్తాయి. ఒకడు మచ్చను చూద్దామంటాడు. మచ్చ కూడా కదులుతుంది కదరా అని పక్కవాడు అడ్డుపడతాడు. జొవాన్ని కస్సీనీ పాతికేళ్లలో చేసిన ప్రయాణం అది, పావుగంటలో పూర్తవుతుంది. పట్టిక ఎలాగూ ఉండక తప్పదంటే భ్రమణ కాలం గడిలో మూడు చిన్న మాటలు చేర్చితే చాలు: దేని భ్రమణం, ఎవరు కొలిచారు, ఎప్పుడు. చోటు చాలదంటే నిమిషాలు తీసేసి "సుమారు పదిన్నర గంటలు" అని వేయండి. ఆ సుమారు అన్న మాట, 39 నిమిషాలకంటే నిజం.

నెప్ట్యూన్ వరసకు వస్తే ఆ మూడు మాటలు రాయడమే పెద్ద పరీక్ష. 1989 ఆగస్టు 25న వాయేజర్-2 వినిపించిన రేడియో లయ 16.11 గంటలు, పట్టికలోది అదే. 2011లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ కార్కోష్కా, హబుల్ తీసిన వందల చిత్రాల్లో దక్షిణ ధ్రువం చుట్టుపక్కల ఏళ్ల తరబడి లయ తప్పకుండా తిరుగుతున్న రెండు మబ్బు గుర్తులను పట్టుకుని 15.97 గంటలన్నాడు. అంతకు ముందు ఏడాది రవీట్ హెలెడ్, మరో ఇద్దరు, గ్రహం ఆకారాన్నీ గాలులనూ కలిపి చూస్తే 17.46 గంటలు అయితేనే పొసుగుతుందన్నారు. మబ్బులు చూద్దామంటే మధ్యరేఖ దగ్గర సుమారు 18 గంటలు, ధ్రువాల దగ్గర సుమారు 12 గంటలు. 1989 తర్వాత అక్కడికి ఒక్క నౌక కూడా పోలేదు, తగవు తీర్చేవాళ్లు లేరు. 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో గాలె కంటపడిన ఆ గ్రహం 2011 జులైలో ఒక చుట్టు పూర్తిచేసి మళ్లీ అదే చోటికి వచ్చింది. మనిషి కళ్లెదుట గడిచిన మొదటి నెప్ట్యూన్ సంవత్సరం అది. ఆ ఒక్క సంవత్సరంలో నెప్ట్యూన్ రోజులు ఎన్ని గడిచాయంటే కార్కోష్కా లెక్కన దాదాపు 90,500, వాయేజర్ లెక్కన 89,700, హెలెడ్ లెక్కన 82,700.